బొటనవేలి కింద ముడత

మే 6, సోమవారం

తెలిసి ఊరుకోవడం అబద్ధమాడటం కిందికి వస్తుందా?

పదకొండేళ్లుగా ఈ ప్రశ్నని మోస్తున్నాను. తర్కం పాఠం చెప్పేటప్పుడు పిల్లల మీదికి విసిరేదాన్ని. సగం మంది వస్తుందనేవాళ్లు, సగం మంది రాదనేవాళ్లు. ఈలోగా గంట మోగేది. నేను చేతులకంటిన సుద్దపొడి దులుపుకుని బయటపడేదాన్ని. ప్రశ్న మాత్రం నా వెనకాలే స్టాఫ్‌రూముకి వచ్చేది.

కాలేజీ మానేసి రేపటికి రెండు నెలలు. గొంతు బాగోలేక మానేశాను. నలుగురికీ అదే చెప్పాను, ఇక్కడా అదే రాస్తున్నాను.

అన్నయ్య వాళ్లింట్లో మేడ మీద గదిలో ఉంటున్నాను. అన్నయ్య లారీ మీద తిరుగుతుంటాడు, నెలకి నాలుగు రోజులు ఇంటి పట్టున ఉంటే గొప్ప. కాబట్టి ఈ ఇల్లంటే వదినే. "ఒక్కదానివీ అక్కడ గోడల్ని చూస్తూ కూర్చునే బదులు ఇక్కడికొచ్చి నన్ను చూడు. గోడకన్నా నయంగానే ఉంటాను" అని ఫోన్లో అంది. వచ్చాను.

వచ్చిన నాలుగో రోజుకే తన వర్క్‌షాపులో నాకు పని చూసింది. బ్యాగులు కుట్టే చోటు, పాతిక మంది ఉంటారు. వదినది సరుకు చూసే పని. వచ్చిన తోళ్ల కట్ట విప్పి ఇది ఏ రకం, దేనికి పనికొస్తుంది, అసలు తోలా కాదా అని తేల్చేది ఆవిడే. ఆవిడ "సరే" అనేదాకా దాని మీద కత్తి పడదు. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. కట్ట విప్పకముందే వాసన పట్టి రకం చెప్పేస్తుందని అక్కడందరూ ముక్కమ్మ అంటారు. మొహం మీదే అంటారు. ఆవిడకి అదో బిరుదు.

ఆవిడ చెప్పింది రిజిస్టర్లో ఎక్కించడం నా పని. నలభై నాలుగేళ్లొచ్చాక, రెండు ఎమ్మేలు చేశాక, ఒకరు చెబుతుంటే రాసుకోవడం. బాగానే ఉంది. నన్నెవరూ ఏమీ అడగరు.

మే 9, గురువారం

"తెలుసుకోకుండా రాస్తే చేతి నొప్పి తప్ప ఏమీ మిగలదు లెక్చరరమ్మా" అని వదిన ఇవాళ బల్ల మీద ముక్కలు పరిచి కూర్చోబెట్టింది. నేను మళ్లీ మొదటి బెంచీ.

మొదటిది పై పొర. ఏమీ చెక్కకుండా, ఏమీ పూయకుండా వదిలేసింది. "ఇదిగో, ఇక్కడ ముల్లు గీరుకుంది. ఇక్కడ పురుగు కుట్టింది. బతికుండగా దానికేం జరిగిందో అంతా దీని మీదే ఉంటుంది." వెంట్రుకలు ఉన్నచోట సన్నటి రంధ్రాలు, ఒకదానికొకటి పొంతన లేకుండా.

రెండోదీ పై పొరే. కాకపోతే మచ్చలున్నాయని గరుకు కాగితంతో రుద్దేసి, రంగు వేసి, అచ్చుతో కొత్త గీతలు దింపారు. "పెళ్లికూతుర్ని చేశారు" అంది వదిన.

మూడోది కింది పొర. తోలు మందంగా ఉంటే అడ్డంగా కోసి రెండు పొరలు చేస్తారట. పైది పైకెళ్తుంది, ఇది మిగులుతుంది. రెండు వైపులా నూగు. మెత్తగానే ఉంటుంది కానీ బలం తక్కువ. "దీని మొహాన ప్లాస్టిక్ పూత పూస్తే పై పొరలా కనబడుతుంది. వెనక్కి తిప్పితే మామూలు తోలే. మనల్ని తిప్పలు పెట్టేది ఇదే."

నాలుగోది తోలు తరుగుని పొడి చేసి, జిగురు కలిపి, గుడ్డ మీద పరిచినది. చించితే అట్టముక్కలా చిరుగుతుంది. ఐదోది రెగ్జిన్, గుడ్డ మీద వట్టి ప్లాస్టిక్.

"అంటే ఇది నకిలీ" అన్నాను పెన్ను తీస్తూ.

వదినకి నచ్చలేదు. "రెగ్జిన్ని ఏమీ అనకు. వానలో తడిసినా ఏడవదు, తుడిస్తే పోతుంది. నేను రెగ్జిన్ని అని చెప్పుకున్నంతసేపూ దానంత మర్యాదైంది లేదు. తోలునని చెప్పుకుంటేనే తంటా."

తర్వాత వేలితో చూడటం నేర్పింది. బొటనవేలితో గట్టిగా నొక్కితే పై పొర తోలు మీద వేలి చుట్టూ సన్నటి ముడతలు పరుచుకుంటాయి, నవ్వే మనిషి కంటి కొసల్లాగా. ప్లాస్టిక్ అయితే గుంట పడుతుంది, అంతే. అరచేతిలో కాసేపు పట్టుకుంటే తోలు మన వేడి తీసుకుంటుంది. పూత ఉంటే చల్లగా ఉండిపోతుంది. ఏ పూతా లేని దాని మీద నీటిబొట్టు వేస్తే మెల్లగా తాగుతుంది.

ప్రతి ముక్కా నా చేతికిచ్చి "వాసన చూడు, ఎలా ఉందో చెప్పు" అంది. తడిమట్టి, పాత పుస్తకం, చెప్పుల అంగడి, ఏది తోస్తే అది చెప్పాను. శ్రద్ధగా వింది.

"నువ్వు చూడవేం?"

"నాకు తెలిసిందేగా. నేర్చుకోవాల్సింది నువ్వు."

మే 13, సోమవారం

పాలు పొంగి, మాడి, గిన్నె బొగ్గయింది. నేను మేడ మీద నుంచి వాసన పట్టుకుని పరుగెత్తుకొచ్చాను. వదిన పొయ్యికి వీపు పెట్టి, రెండడుగుల దూరంలో కూర్చుని బీన్స్ తుంచుతోంది. ఏదో ఆలోచనలో పడ్డానంది.

మే 14

వదినకి జలుబయ్యుంటుంది.

మే 17, శుక్రవారం

అల్లుడుగారు అందర్నీ పిలిచారు. ఓనరుగారి అల్లుడు, ఏడాది మొదటి నుంచీ వర్క్‌షాపు ఈయనే చూస్తున్నారు. పేరు ఎవరూ పలకరు. ఇంట్లో భార్య కూడా అల్లుడుగారనే పిలుస్తుందని కటింగ్ మాస్టారి అనుమానం. చెడ్డ మనిషి కాదు. మోసపోతానేమోనని భయం ఎక్కువ.

ఒక పెద్ద షాపు వాళ్లు మన బ్యాగులు అడుగుతున్నారట. ప్రతి బ్యాగు లోపలా అది దేంతో చేసిందో చీటీ ఉండాలి. చీటీ తప్పయితే మొత్తం సరుకు వెనక్కి. అందుకని జూన్ పదో తారీకున ఇరవై ముక్కలు పెడతారు. ముక్కమ్మ సరిగ్గా చెబితే ఇక నుంచి ప్రతి చీటీ మీదా ఆవిడ సంతకమే. లేదంటే నమూనాలన్నీ బయట ల్యాబుకి పోతాయి, ముక్కమ్మ ప్యాకింగ్ బల్ల దగ్గరికి మారాలి.

"మీకేంటి మేడమ్, వాసన చూసి చెప్పేస్తారు. ఊరికే లాంఛనం" అన్నారు అల్లుడుగారు.

వదిన నవ్వింది. బస్సులో ఇంటిదాకా తన బ్యాగు పట్టీని బొటనవేలితో నొక్కుతూ, వదులుతూ కూర్చుంది.

మే 19, ఆదివారం

ఈ పని చేసినందుకు నాకు నేనే నచ్చలేదు. అయినా చేశాను.

డాబా మీద బట్టలారేస్తుంటే ఒక తువ్వాలు వదినకిచ్చి, "సబ్బు వాసన పోయిందా చూడు" అన్నాను. ముక్కు దగ్గర పెట్టుకుని, "పోయింది, ఆరెయ్" అంది.

"అది ఫినాయిల్‌లో ముంచింది వదినా."

తువ్వాలు చేతిలో పట్టుకుని అలాగే నీళ్లట్యాంకు గట్టు మీద కూర్చుంది. "ఎన్నాళ్లయింది కనిపెట్టి?" అంది.

"పాలు మాడినప్పుడు."

"అది మాడిందని నువ్వరిచేదాకా నాకు తెలియదు."

చలికాలంలో జ్వరం వచ్చిందట, పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది. డాక్టరు రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. అన్నయ్యకి కూడా చెప్పలేదు. "రోడ్డు మీద ఉండే మనిషి. ఇంట్లో గ్యాసు లీకైనా దీనికి తెలియదే అని స్టీరింగ్ పట్టుకుని కూర్చుంటాడు."

"నన్నందుకే పిలిచావా?"

"అందుక్కూడా పిలిచాను. నువ్వు గోడలు చూస్తూ కూర్చున్నదీ నిజమే, నాకో ముక్కు కావాల్సొచ్చిందీ నిజమే. ఏది పై పొర, ఏది కింది పొర అని మాత్రం అడక్కు. ముందే చెప్పాల్సింది. నువ్వడగలేదు, నేను చెప్పలేదు."

పదో తారీకున నేను రిజిస్టరు పట్టుకుని పక్కనే ఉంటాను. ముక్క అందుకున్నాక తోలు వాసనొస్తే పెన్ను ఎడమ చెవికి ఆనిస్తాను. రాకపోతే లేదు. ఈ ఉపాయం ఎవరిదో గుర్తులేదు.

నాదే.

మే 22, బుధవారం

సాయంత్రం టీ తర్వాత వంటింటి బల్ల మీద సాధన. పది ముక్కలు. వదిన నొక్కుతుంది, వంచుతుంది, చెంపకి ఆనిస్తుంది, చెవి దగ్గర పెట్టి మడిచి చప్పుడు వింటుంది. ఎనిమిది నా సాయం లేకుండానే తనకి తెలిశాయి. అయినా పైకి చెప్పేముందు ప్రతిసారీ నా చెవి వంక చూసింది.

ఇరవయ్యేళ్లు పరీక్ష హాళ్లలో కాపలా కాశాను. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఆ చూపు చూసిన పిల్లల్ని లేపి బయటికి పంపాను.

"నీకు తెలిశాక కూడా నావైపు చూస్తావేం?"

"వేలు ఒక్కటే చెబితే నమ్మబుద్ధి కాదే. పద్దెనిమిదేళ్లు ముక్కు చెప్పింది, వేలు తలూపింది. ఇప్పుడు వేలునే మాట్లాడమంటే నసుగుతోంది."

మే 24

అప్పట్లో కాలేజీలో వేసిన ఆ కమిటీ నన్ను పిలవలేదు. పిలిచుంటే చెప్పేదాన్ని. నన్నెవరూ అడగలేదు.

దేనికి రాశానో ఇప్పుడిది.

మే 27, సోమవారం

కొత్త సప్లయరు గోధుమరంగు తోళ్లు తెచ్చాడు. వినయంగా, రెండు చేతులూ కట్టుకుని మాట్లాడే మనిషి. నలభై బ్యాగులకి సరిపడా సరుకు. గది మొత్తం తోలు వాసన నిండిపోయింది.

వదిన నొక్కింది. ఆగింది. ఇంకోచోట నొక్కింది. అరచేయి ఆనించి ఉంచింది. "చల్లగా ఉందే. ముడత కూడా..." అని గొణిగి నావంక చూసింది.

వంటింట్లో సాధన చేసినట్టే పెన్ను చెవికి ఆనించాను. అనుమానం లేదు, అంత స్పష్టంగా వస్తోంది వాసన.

మళ్లీ నొక్కింది. మళ్లీ చూసింది. నేను మళ్లీ ఆనించాను, ఈసారి కాస్త విసుగ్గా.

"సరే" అంది వదిన.

రిజిస్టర్లో రాశాను: పై పొర తోలు, గోధుమరంగు, బాగుంది. 'బాగుంది' అన్నది నా సొంత పైత్యం.

మే 29

కటింగ్ మాస్టారు నన్ను చిన్న ముక్కమ్మా అని పిలిచాడు. ఎందుకో రోజంతా హాయిగా ఉంది.

జూన్ 3, సోమవారం

పదకొండింటికి కటింగ్ మాస్టారు ఒక బ్యాగు మూత పట్టుకొచ్చి మా బల్ల మీద పెట్టాడు. మడత పడేచోట తెల్లగా చీలింది. గోటితో గీకితే ఎండకి కమిలిన చర్మంలా పైన పలచటి పొర లేచొచ్చింది. దాని కింద నూగు.

"కింది పొర ముక్కమ్మా. పైన ప్లాస్టిక్ తొడిగారు. కోసేటప్పుడు అంచు చూసి అనుమానమొచ్చింది. ముక్కమ్మ సరేనన్నాక మనమెవరంలే అని కోసేశాను."

నలభై బ్యాగులూ అంతే.

అల్లుడుగారు వచ్చారు. గొంతు పెంచలేదు. "దీన్ని ఎవరు పాస్ చేశారు?"

"నేనే" అంది వదిన.

అందరూ వదినని చూశారు. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి అని ఎవరో అన్నారు. నేను రిజిస్టరు గుండెకి అదుముకుని పక్కనే నిలబడ్డాను. నన్నెవరూ అడగలేదు.

జూన్ 4, మంగళవారం

సప్లయర్ని పిలిపించారు. అదే వినయం, అవే చేతులు.

"నేనేమన్నానండీ? తోలన్నాను. తోలు కాదా అది? వెనక్కి తిప్పి చూసుకోండి. ఏ పొర అని మీరడిగారా? అడిగితే నేను చెప్పేవాణ్ని కదా."

"మరి ఆ వాసన?" అన్నారు అల్లుడుగారు. "కింది పొరకి, అందులోనూ ప్లాస్టిక్ తొడిగాక, అంత వాసనేంటి?"

"అది అత్తరండీ. తోలు వాసన అత్తరు. రెగ్జిన్‌కి కూడా కొడుతున్నారు ఈమధ్య. కొనేవాళ్లకి వాసన కావాలి, మేం వేస్తున్నాం. అందులో అబద్ధమేముంది?"

అల్లుడుగారు ఆ అత్తరు సీసా ఒకటి తనకి పంపమన్నారు. వదిన తన బొటనవేలి వంక చూసుకుంటోంది. నేను చూడటానికి ఏమీ లేక సప్లయర్ని చూశాను. నా మాటలే ఆయన నోట్లోంచి వస్తున్నాయి.

రాస్తాను. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

పదకొండేళ్ల క్రితం ఒక పరిశోధక విద్యార్థిని తన రాతప్రతి నాకిచ్చి చదవమంది. చదివాను, అంచుల్లో పెన్సిల్‌తో గుర్తులు పెట్టాను. ఆర్నెల్లకి అందులో ఒక అధ్యాయం మా డిపార్ట్‌మెంట్ హెడ్డు పేరుతో అచ్చయింది. ఆ అమ్మాయి ఫిర్యాదు చేసింది, కమిటీ వేశారు. ఆ రాతప్రతిని ముందే ఎవరైనా చూశారా అన్నదే ప్రశ్న. కమిటీ నన్ను పిలవలేదు. ఇదంతా నిజమే.

మిగతా నిజం ఏమిటంటే, ఆ అమ్మాయి నన్ను అడిగింది. రెండో అంతస్తు మెట్ల మీద. "మేడమ్, మీరు చదివారు కదా?" అంది. "నాకంతగా గుర్తులేదమ్మా" అన్నాను. ఆ అమ్మాయి చదువు మానేసి వెళ్లిపోయింది.

ఈ మార్చిలో హెడ్డుగారి పదవీ విరమణ సభ. ఆయన గురించి నన్ను మాట్లాడమన్నారు. మైకు ముందు నిలబడితే గొంతు రాలేదు. నీళ్లిచ్చారు, అయినా రాలేదు. మర్నాడు రాజీనామా ఇచ్చాను. ఆ లెక్కన గొంతు బాగోలేక మానేశానన్నది అబద్ధం కాదు. ఏ పొర అని ఎవరూ అడగలేదు.

జూన్ 6, గురువారం

వదినతో చెప్పేశాను. ఆ అమ్మాయి సంగతీ, మెట్ల సంగతీ. బియ్యం ఏరుతూ వింది, మధ్యలో ఒక్కసారి కూడా తలెత్తలేదు. అయిపోయాక, "ఆ పిల్ల ఇప్పుడెక్కడుంది?" అని మాత్రం అడిగింది. ఏదో ఊళ్లో బడి నడుపుతోందని విన్నానన్నాను.

తర్వాత అసలు మాట ఎత్తాను. "రేపు అల్లుడుగారికి చెబుతాను. ఆ సరుకు ఒప్పుకున్నది నువ్వు కాదు, నా ముక్కు అని."

"చెప్పు. నీ ముక్కు ఎందుకు కావాల్సొచ్చింది అంటారు. అప్పుడేం చెబుతావ్?"

నేను చాటలోంచి ఒక రాయి ఏరి పక్కన పడేశాను.

"నువ్వు చెబితే నీ గుండె తేలికవుతుంది, నేను ప్యాకింగ్ బల్ల దగ్గరికి పోతాను. చెప్పకపోతే నేనిక్కడే ఉంటాను, నీ గుండె రాయిలా ఉంటుంది. రెండు ఎమ్మేలు చేశావు, ఇందులో ఏది కరెక్టో నువ్వే చెప్పు."

"నీ వేలు కరెక్టుగా చెప్పింది వదినా. తప్పింది నా ముక్కు."

"వేలు చెప్పలేదే. నసిగింది. నసిగిన దాని మీద సంతకం పెట్టి పాతిక మంది పనిని నిలబెట్టమంటావా?" చాట పక్కన పెట్టింది. "పదో తారీకు దాటనీ. తర్వాత నీ ఇష్టం. పెన్ను మాత్రం మర్చిపోకు."

అన్నయ్య ఫోన్ చేశాడు. "ఏంటి, ఇద్దరివీ గొంతులు అలా ఉన్నాయి? పోట్లాడుకున్నారా? నేనొచ్చేదాకా ఆగకూడదూ, చూసేవాణ్ని" అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఇవాళ మొత్తానికీ అదొక్కటే నవ్వు.

జూన్ 9

రెండు పెన్నులు సంచిలో పెట్టుకున్నాను. ఒకటి రాయకపోతే ఇంకోటి ఉంటుందని. రాయడానికి కాదు కదా అది, అయినా రెండు.

జూన్ 10, సోమవారం

వరసగా రాస్తాను, లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

పది గంటలకి. కటింగ్ బల్ల తుడిచి దాని మీద ఇరవై ముక్కలు, ఒక్కోదాని పక్కన అంకె. అన్నీ గోధుమ, నలుపు. అల్లుడుగారి చేతిలో మడిచిన జవాబుల కాగితం. కుట్టేవాళ్లందరూ మిషన్లు ఆపి చుట్టూ చేరారు. వదిన కొత్త చీర కట్టుకుంది. నేను ఆవిడ కుడిపక్కన, రిజిస్టరు, పెన్ను.

వదిన మొదటి ముక్క అందుకుంది. నల్లది. నొక్కింది, మడిచింది. తోలు వాసన నా దాకా వచ్చింది. ఘాటుగా.

వదిన నావంక చూసింది.

నా చెయ్యి లేవలేదు.

వదిన చూస్తూనే ఉంది. పెన్ను నా వేళ్ల మధ్యే ఉంది, చెయ్యి మాత్రం రిజిస్టరు మీదే ఉండిపోయింది.

వదిన ముక్కని తిరిగి బల్ల మీద పెట్టేసింది.

"బాబూ, మొదలెట్టేముందు ఒక మాట. నాకు వాసన తెలియదు. చలికాలంలో జ్వరం వచ్చి పోయింది, అప్పట్నుంచీ అంతే. ఆ నలభై బ్యాగుల సరుకు దగ్గర నా వేలు వద్దనే అంది. నేనే దాని మాట వినలేదు."

అల్లుడుగారు జవాబుల కాగితం విప్పారు, మళ్లీ మడిచారు. "ఇన్ని నెలలా మేడమ్? ఒక్క మాట చెప్పలేదే."

"మీరు అడగలేదని చెప్పలేదు. తప్పే బాబూ."

నా పేరు ఆవిడ ఎత్తలేదు. ఎత్తేలా కూడా లేదు.

"ఆ సరుకుని వాసన చూసి సరేనన్నది నేను" అన్నాను. గొంతు వచ్చింది. కాస్త బొంగురుగా, కానీ వచ్చింది. "వదిన రెండుసార్లు అనుమానపడింది. రెండుసార్లూ నేనే నొక్కి చెప్పాను. ఇవాళ కూడా సైగ చేద్దామనే వచ్చాను. ఆ ఉపాయం నాదే."

నన్నెవరూ అడగలేదు. చెప్పాను.

కటింగ్ మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "ముక్కు లేకుండా ఎన్ని చెబుతుందో చూస్తే పోలా బాబూ? బల్ల ఎలాగూ తుడిచాం."

"పెట్టండి" అంది వదిన. "తప్పితే ప్యాకింగ్ బల్ల ఎక్కడికీ పోదు. లెక్చరరమ్మా, నువ్వెళ్లి ఆ మూల నిలబడు. నిన్ను చూస్తే నా వేలు నోరు మూసుకుంటుంది."

మూల నిలబడ్డాను, శిక్ష పడ్డ పిల్లలా.

ఒక గ్లాసుతో నీళ్లు అడిగింది. ఒక్కో ముక్కకీ ఎంత సమయం పడితే అంత తీసుకుంది. నొక్కుతోంది, అరచేతిలో పెట్టుకుని ఆగుతోంది, చెవి దగ్గర మడుస్తోంది, నీటిబొట్టు వేసి వంగి చూస్తోంది. మొదటి నాలుగూ నసిగింది. ఐదోదాని దగ్గర నడుం నిటారయింది. తర్వాత గొంతు నాకు తెలిసిన వదిన గొంతే. "పై పొర. అచ్చేసిన పై పొర. ఇది తరుగు, పిండేసి అతికించారు. రెగ్జిన్. ఇదీ రెగ్జినే, వేషం వేసింది. కింది పొర, మొహానికి పూత."

ఇరవైకి పద్దెనిమిది. ఒక రుద్దిన తోలుని రుద్దనిదంది. కొత్తరకం మెత్తటి కృత్రిమ తోలు ఒకదాన్ని అసలుదంది. దాన్ని మళ్లీ అడిగి తీసుకుని చాలాసేపు నొక్కింది. "బాగా చేశారు, దొంగముండాకొడుకులు" అంది, మెచ్చుకోలుగా.

అప్పుడు అల్లుడుగారు చెప్పారు. ఆయన తెప్పించుకున్న సీసాలోని అత్తరుని మూడు రెగ్జిన్ ముక్కలకి పూశారట. మొదటి నల్లముక్క అందులో ఒకటి.

నేను పెన్ను ఎత్తి ఉంటే వదిన మొదటి జవాబే తప్పయ్యేది.

జూన్ 11, మంగళవారం

అల్లుడుగారు మధ్యాహ్నం దాకా ఆలోచించి చెప్పారు. చీటీల మీద వదిన సంతకమే ఉంటుంది. కాకపోతే ప్రతి కట్టలోంచీ ఒక ముక్క కాల్చి కూడా చూడాలి. తోలైతే బూడిదవుతుంది, ప్లాస్టికైతే కరిగి గట్టి పూస కడుతుంది, అది కంటితో చూసే పని. ఏ పరీక్షలో ఏం కనబడిందో నేను రాసిపెట్టాలి. ఆర్నెల్లకి మళ్లీ ఇరవై ముక్కలు. "రెండు తప్పులంటే తక్కువేం కాదు మేడమ్" అన్నారు. "కాదు బాబూ" అంది వదిన.

ఈసారి దాచిపెడితే మాత్రం ఊరుకోనన్నారు. ఇద్దర్నీ చూసి అన్నారు.

కటింగ్ మాస్టారు ఇక నుంచి వేలమ్మ అని పిలవాలని ప్రతిపాదించాడు. సాయంత్రానికి ఆయనే మర్చిపోయి ముక్కమ్మా అన్నాడు.

జూన్ 13

ఆ నలభై బ్యాగులకి చీటీ రాయమన్నారు. రాశాను: కింది పొర తోలు, పైన ప్లాస్టిక్ పూత. అల్లుడుగారు చదివి, "ఇలా రాస్తే కొంటారా?" అన్నారు. "కొనేవాళ్లు ఏం కొంటున్నారో తెలిసి కొంటారు" అంది వదిన. వేరే షాపుకి పంపారు. సాయంత్రానికే సగం పోయాయట.

జూన్ 15, శనివారం

ఆ అమ్మాయి బడి చిరునామా దొరికింది. ఉత్తరం రాశాను. మొదటి ప్రతి నాలుగు పేజీలు, అంతా నా గురించే. చించేశాను. రెండోది ఐదు వాక్యాలు. నీ రాతప్రతి నేను చదివాను. అచ్చవ్వకముందే చదివాను. మెట్ల మీద నువ్వడిగినప్పుడు కూడా అది నాకు గుర్తుంది. ఇప్పుడు ఎవరికి చెప్పమంటే వాళ్లకి, రాతపూర్వకంగా చెబుతాను. నన్ను క్షమించమని అడగడం లేదు.

వదిన పోస్టాఫీసు దాకా తోడొచ్చింది. నా చేతిలోంచి కవరు తీసుకుని, బొటనవేలితో ఒకసారి నొక్కి, "పై పొరే, వెయ్" అంది.

జూన్ 16, ఆదివారం

పొద్దున డాబా మీద బట్టలు మడతపెడుతున్నాం. అన్నయ్యకి నిన్న ఫోన్లో అంతా చెప్పిందట. గ్యాసు లీకయితే మోగే పరికరం కొనుక్కొస్తున్నాడు. "ఇంకో ముక్కు వస్తోంది ఇంట్లోకి" అంది వదిన.

తర్వాత, దుప్పటి రెండో కొస నాకందిస్తూ, మామూలుగా అంది. "ఆ రోజు నువ్వు పెన్ను ఎత్తలేదు చూడు. ముందు గుండె ఆగినంత పనైంది. తర్వాత అర్థమైంది. నా వేలి మీద నాకు లేని నమ్మకం నీకుంది. అందుకే ఎత్తలేదు. అది చూశాకే నాకు నోరు పెగిలింది."

నేను దుప్పటి కొసలు కలిపాను.

నిజంగా అందుకేనా? వారం రోజులుగా ఆ క్షణాన్ని వెనక్కి తిప్పి, అంచు చూసి, నొక్కి చూస్తున్నాను. ఆవిడ వేలి మీద నమ్మకమే కావచ్చు. మెట్ల మీద ఆ అమ్మాయి మొహం గుర్తొచ్చి ఉండొచ్చు. పాతిక మంది ముందు దొరికిపోతానన్న పిరికితనం కూడా అయ్యుండొచ్చు. లేదా, ఆ సభలో గొంతు రానట్టే, చెయ్యి రాకపోవడం, అంతే. నాకు తెలియదు. తెలియదని ఆవిడకి చెప్పాలా, ఆవిడ అనుకున్నదాన్ని ఆవిడకే వదిలెయ్యాలా అన్నదీ తెలియదు. ఆ అనుకోవడం మీదే కదా ఆవిడ ఇప్పుడు రోజూ సంతకం పెడుతోంది.

వదిన దుప్పటి మడత మీద అరచేత్తో రాసి, ఇంకా వెచ్చగా ఉందే అంది. అవునన్నాను. మిగతాది ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. ఇది అబద్ధమో కాదో ఇవాళ్టికి కూడా తేల్చుకోలేకపోతున్నాను.